ఎర్ర జర్మేనియాకు మూడు నంబర్లు

స్టాంపుల శీర్షిక: పాఠకుల ప్రశ్నలకు విజయనగరం నుంచి జవాబులు

కొంతకాలంగా జర్మనీ స్టాంపుల మీద వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. మన రెండు జిల్లాల ఇళ్లలో, పాత ట్రంకు పెట్టెల్లో ఆ దేశపు స్టాంపులు ఇన్ని ఉన్నాయంటే చాలా సంతోషంగా ఉంది. నేను బడిలో చరిత్ర చెప్పే రోజుల్లో లైప్‌జిగ్ నుంచి ఒక కలం స్నేహితురాలు పంపిన కవర్లతో నా జర్మనీ సేకరణ మొదలైంది. అప్పటి నుంచి ఇది నా మనసుకు దగ్గరైన దేశం. అందుకే ఈ నెల చోటంతా దానికే ఇస్తున్నాను. ఫోటోలు పంపేవారికి ఒక మనవి. స్టాంపు వెనక వైపు కూడా తీసి పంపండి. సగం సంగతులు అక్కడే తెలుస్తాయి.

ప్రశ్న: మా తాతగారి ఆల్బమ్‌లో ఒక పేజీ నిండా 1923 నాటి జర్మనీ స్టాంపులు ఉన్నాయి. ఒకదాని మీద "50 మిలియార్డెన్" అని ఉంది. అంత పెద్ద విలువ వేసిన స్టాంపుకు లక్షల్లో ధర పలుకుతుందని మా బంధువు ఒకాయన అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: కాదండీ. స్టాంపు మీద అచ్చువేసిన అంకెకూ, ఈ రోజు దానికి వచ్చే ధరకూ సంబంధం లేదు. తపాలా ముద్ర పడని కొత్త స్థితిలో ఉంటే ఆ పేజీలోని స్టాంపులు చాలావరకు అతి చవకైనవి. కానీ దయచేసి వాటిని ఎవరికీ ఇచ్చేయకండి. ఒక దేశపు డబ్బు ఎలా చచ్చిపోయిందో నెలల వారీగా చూపించే పేజీ మీ దగ్గర ఉంది.

మిలియార్డె అంటే మన లెక్కలో వంద కోట్లు. మీ స్టాంపు ముఖవిలువ 5,000 కోట్ల మార్కులు. మొదటి ప్రపంచ యుద్ధానికి చేసిన అప్పులు, ఓడినందుకు కట్టవలసిన పరిహారం అప్పటికే మార్కును కుంగదీశాయి. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు జర్మనీలోని రూర్ పరిశ్రమల ప్రాంతంలోకి దిగాయి. అక్కడి కార్మికులు నిరసనగా పని మానేస్తే వాళ్లను పోషించడానికి ప్రభుత్వం నోట్లు అచ్చువేస్తూ పోయింది. ఆ తరువాత ఏం జరిగిందో తపాలా రేట్లే చెబుతాయి. ఒక ఊరి నుంచి మరో ఊరికి మామూలు ఉత్తరం పంపడానికి జనవరి మధ్యలో 50 మార్కులు. ఆగస్టు 1న 1,000. సెప్టెంబరు 1న 75,000. అక్టోబరు 1న 20 లక్షలు. నవంబరు 12న 1,000 కోట్లు. డిసెంబరు 1న 10,000 కోట్లు, కొత్తగా వచ్చిన రెంటెన్‌మార్కు లెక్కలో చెబితే అది పది ఫెనిగ్‌లు (మార్కులో నూరో వంతు ఒక ఫెనిగ్). ఆ నవంబరులో ఒక అమెరికా డాలరు కొనాలంటే 4.2 లక్షల కోట్ల మార్కులు కావాలి.

కొత్త విలువల స్టాంపులు అచ్చువేసేలోపే రేటు మళ్లీ పెరిగిపోయేది. అందుకని పాత స్టాంపుల మీదే కొత్త అంకె కొట్టి అమ్మేవారు. మీ పేజీలో ఒక విలువ మీద ఇంకో విలువ అడ్డంగా అచ్చుపడిన స్టాంపులు అవే. రోజుల్లో పనికిరాకుండా పోయిన ఈ స్టాంపులు షీట్లకు షీట్లు మిగిలిపోయాయి. వ్యాపారులు కొని, కలగలుపు పొట్లాలు కట్టి, ప్రపంచమంతా పిల్లలకు అమ్మారు. మీ తాతగారికి కూడా బహుశా అలాగే చేరి ఉంటాయి.

ఇప్పుడు వెనక్కి తిప్పి చూడండి, ఎందుకో చెబుతాను. ఆ నెలల స్టాంపుల్లో కొన్నిటికి కొత్తదాని కన్నా వాడినదానికే ఎక్కువ ధర. ఒక రేటు వారం పది రోజులు మాత్రమే నడిస్తే, ఆ వ్యవధిలో నిజంగా ఉత్తరం మీద అతికి ప్రయాణం చేసినవి తక్కువే కదా. ఈ తేడా చూసి, మిగిలిన కొత్త స్టాంపుల మీద తరువాతి కాలంలో దొంగ ముద్రలు కొట్టి అమ్మినవాళ్లు చాలామంది. కాబట్టి 1923 నాటి ముద్ర చూడగానే నమ్మకూడదు. కేటలాగ్‌లో, అంటే స్టాంపుల నంబర్లు, ధరలు ఇచ్చే పుస్తకంలో, వాడిన స్టాంపుకు వేసిన ధర నిపుణులు పరీక్షించి నిజమని తేల్చినదానికే వర్తిస్తుంది. జర్మనీలో ఈ పరీక్షకుల సంఘం ఒకటుంది, పొట్టిగా బి.పి.పి. అంటారు. ద్రవ్యోల్బణం నాటి స్టాంపుల కోసమే 1932 నుంచి పనిచేస్తున్న ఇన్‌ఫ్లా బెర్లిన్ అనే సేకర్తల సంఘం కూడా ఉంది. పరీక్షకుడు స్టాంపు వెనక చిన్న అక్షరాలతో తన పేరు ముద్ర వేస్తాడు. మీ పేజీలో అలాంటిది కనిపిస్తే నాకు వెంటనే రాయండి.

మీ పెట్టెలో ఆ సంవత్సరపు కవర్లేమైనా ఉన్నాయా? ఉంటే వాటి మీది స్టాంపులు ఊడదీయవద్దు. తేదీ, రేటు, ముద్ర మూడూ సరిపోయిన కవరు విడి స్టాంపుల కన్నా ఎన్నో రెట్లు విలువైనది. మార్కెట్ సంగతి అలా ఉంచినా, వెనకా ముందూ స్టాంపులతో నిండిపోయి చిరునామాకు చోటు మిగలని ఆ కవర్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ప్రశ్న: జర్మనీ స్టాంపులకు ఏ కేటలాగ్ మంచిది? జర్మన్ భాష రాకపోతే మిషెల్ చూడటం కుదురుతుందా? అందులో ఒకే స్టాంపుకు ఎన్నో నంబర్లు, పక్కన అక్షరాలు కనిపించి తికమకగా ఉంది.
– డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: బ్రిటన్ వారి స్టాన్లీ గిబ్బన్స్, అమెరికా వారి స్కాట్, ఫ్రాన్స్ వారి ఇవేర్ ఎ టెలియే, జర్మనీ వారి మిషెల్. ప్రపంచమంతా ప్రధానంగా చూసేవి ఈ నాలుగు. గిబ్బన్స్‌లో ఏడో భాగం పూర్తిగా జర్మనీదే, ఇంగ్లీషులో హాయిగా చదువుకోవచ్చు. అయినా నా సలహా మిషెలే. జర్మనీ స్టాంపులు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, మార్పిడి చేసుకునేవాళ్లు అందరూ మాట్లాడుకునేది మిషెల్ నంబర్లతోనే. అపోల్డా అనే చిన్న ఊళ్లో హ్యూగో మిషెల్ అనే స్టాంపుల వ్యాపారి 1910లో తెచ్చిన ధరల జాబితా అది. ఇప్పుడు ష్వానెబెర్గర్ సంస్థ ప్రచురిస్తోంది. జర్మనీ ఒక్కదానికే "స్పెషల్" పేరుతో రెండు లావుపాటి సంపుటాలు ఉన్నాయి. మొదటిది 1945 వరకు, రెండోది ఆ తరువాతి కాలానికి. మీలా మొదలుపెట్టేవారికి వాళ్లదే "జూనియర్" కేటలాగ్ చాలు.

స్కాట్‌తో ఒక ఇబ్బంది ఉంది. సేవానిధి కోసం అదనపు రుసుముతో వచ్చే స్టాంపులను, అంటే "10+5" అని ఉండేవాటిని, అది 'బి' అక్షరంతో వేరే వరసలో పెడుతుంది. ఎయిర్‌మెయిల్‌వి 'సి' వరసలో ఉంటాయి. మిషెల్ అన్నిటినీ విడుదల క్రమంలో ఒకే వరసలో నడుపుతుంది. చరిత్ర చెప్పినదాన్ని కదా, నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

భాష గురించి బెంగ వద్దు. కేటలాగ్ చదవడానికి కావలసింది గుర్తులు. రెండు నక్షత్రాలుంటే జిగురు చెక్కుచెదరని కొత్త స్టాంపు. ఒక నక్షత్రం ఉంటే హింజ్ (ఆల్బమ్‌లో స్టాంపును నిలిపే చిన్న జిగురు కాగితం) అతికించిన గుర్తున్న కొత్త స్టాంపు. బ్రాకెట్లలో నక్షత్రం ఉంటే జిగురు లేనిది. వృత్తంలో చుక్క ఉంటే ముద్ర పడినది. వీటి మధ్య తేడా ఎంత ఉంటుందో తెలియాలంటే పశ్చిమ జర్మనీ 1951లో మొదలుపెట్టిన తపాలా బూర బొమ్మ ఉన్న సెట్టు చూడండి. మొత్తం పదహారు విలువలు. ముద్ర పడినవి ఎవరైనా కొనుక్కోగలరు. రెండు నక్షత్రాల గడిలో ఉన్న ధర చూస్తే మాత్రం గుండె జారుతుంది. అందుకే ఆ సెట్టుకు వెనక కొత్తగా జిగురు పూసిన మోసపు సరుకు కూడా తిరుగుతోంది.

నంబరు పక్కన వచ్చే అక్షరాల సంగతి. పెద్ద ఏ, బి, సి అంచు పళ్ల తేడాను చెబుతాయి. చిన్న ఏ, బి, సి రంగు ఛాయను చెబుతాయి. పెద్ద ఎక్స్, వై, జెడ్ వాటర్‌మార్కుకు (కాగితం తయారీలోనే పడే నీడ లాంటి గుర్తుకు), చిన్నవి కాగితానికి. రోమన్ ఒకటి, రెండు అంటే అచ్చులోనో దిమ్మలోనో తేడా. అంచు పళ్లను రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయో లెక్కించి చెబుతారు. దానికి కొలబద్ద దొరుకుతుంది, అది కొనుక్కోండి.

ఇక మీరు పంపిన ఫోటోలోని ఎర్ర స్టాంపు. కిరీటం, కవచం ధరించిన ఆ స్త్రీమూర్తి జర్మేనియా, దేశమాత రూపం. నటి అన్నా ఫ్యూరింగ్ ఆ వేషంలో ఉన్నప్పటి పోలికతో గీశారు. 1900 నుంచి 1922 దాకా ఆమె ఎన్నో రంగుల్లో వచ్చింది. పది ఫెనిగ్‌ల ఎర్రదాన్నే తీసుకుందాం. కింద "రైష్‌పోస్ట్" అని ఉంటే మిషెల్ 56. 1902లో వ్యుర్టెంబర్గ్ రాజ్యం తన సొంత స్టాంపులు మానుకొని సామ్రాజ్య తపాలాలో కలిసింది, అప్పుడు కింది అక్షరాలను "డాయిచెస్ రైష్" అని మార్చారు. అది మిషెల్ 71. 1905 నుంచి అదే బొమ్మను, అవే అక్షరాలను వాటర్‌మార్కు ఉన్న కాగితం మీద అచ్చువేశారు. అది మిషెల్ 86. అంటే 56ను చదివి గుర్తుపట్టవచ్చు. 71కీ 86కీ తేడా తెలియాలంటే వెనక్కి తిప్పాల్సిందే.

నల్లటి చిన్న పళ్లెంలో స్టాంపును బోర్లా పెట్టి, రెండు చుక్కల శుద్ధమైన బెంజైన్ (పెట్రోలు జాతి ద్రావకం, విషపూరితమైన బెంజీన్ కాదు) గానీ వాటర్‌మార్కు ద్రవం గానీ వేయండి. కాగితం తడిసిన క్షణంలో డైమండ్ గడుల వల లాంటి నమూనా నల్లగా తేలితే 86. ఏమీ కనిపించకపోతే 71. ద్రవం ఆరిపోయాక స్టాంపు ఎప్పటిలా ఉంటుంది. దీపం, పొయ్యి దగ్గర ఈ పని చేయవద్దు, బెంజైన్ భగ్గుమంటుంది. గ్రావ్యూర్ పద్ధతిలో (సన్నటి గుంటలు చెక్కిన సిలిండరుతో) అచ్చయిన కొన్ని స్టాంపుల రంగు అందులో కరుగుతుంది, వాటి జోలికి పోవద్దు. 86 అని తేలాక ఇంకొక మెట్టు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అచ్చయినవాటిలో గీతలు సన్నగా, శుభ్రంగా ఉంటాయి. యుద్ధకాలపు అచ్చులో రంగు మొద్దుగా పరుచుకుంటుంది. మొదటిది 86 రోమన్ ఒకటి, తరువాతిది 86 రోమన్ రెండు. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంలో ఆమె మెడ దగ్గరి గీతలు చూడండి. ఒకసారి కంటికి పట్టిందంటే మళ్లీ పొరపడరు.

ధరల గురించి కూడా చెప్పాలి. కేటలాగ్‌లోని ధర ఏ లోపమూ లేని స్టాంపుకు. అంచు పన్ను ఒక్కటి విరిగినా, కాగితం పలచబడినా ఆ అంకె మరిచిపోండి. బాగున్న మామూలు స్టాంపు కూడా అందులో నాలుగో వంతుకే దొరకడం పరిపాటి. కాబట్టి తాజా కేటలాగ్ కోసం అప్పు చేయవద్దు. పదేళ్ల కిందటి పాత ప్రతి చవకగా దొరికితే తీసుకోండి. ధరలు మారతాయి గానీ నంబర్లు దాదాపుగా అలాగే ఉంటాయి. మీకు కావలసింది నంబర్లే.

ప్రశ్న: మా ఇంట్లో "ఆజాద్ హింద్" అని ఉన్న స్టాంపులు రెండు దొరికాయి. ఒకదాని మీద రాట్నం వడుకుతున్న స్త్రీ ఉంది. ఇవి మన దేశానివా, జపాన్‌వా?
– ఒక ఖాదీ కార్మికుడు, పొందూరు

జవాబు: రాట్నం బొమ్మ పొందూరులో కనిపించిందంటే నాకెంత ఆనందంగా ఉందో చెప్పలేను. ఈ స్టాంపులు అచ్చయింది బెర్లిన్‌లో. నేతాజీ సుభాష్ చంద్రబోస్ పక్షాన 1943లో అక్కడి ప్రభుత్వ ముద్రణాలయంలో వేశారు. పొలం దున్నే రైతు, నూలు వడికే స్త్రీ, తెగిన సంకెళ్లతో భారతదేశ పటం, జెండా పట్టిన సైనికులు, ఇలాంటి బొమ్మలు. చాలావాటికి అసలు విలువ పక్కన అదనపు రుసుము కూడా కూడిక గుర్తుతో ఉంటుంది. తపాలా సేవలో అవి ఎన్నడూ వాడకంలోకి రాలేదు. అందుకే మిషెల్ జర్మనీ స్పెషల్‌లో వీటికి మామూలు అంకెలు కాకుండా, విడుదల కాని స్టాంపులకు ఇచ్చే రోమన్ అంకెలు ఇచ్చారు. మన దేశపు కల బెర్లిన్‌లో అచ్చయి, జర్మన్ కేటలాగ్‌లో నంబరు పొందిందన్నమాట.

వీటికి నకళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఎవరికైనా చూపించకుండా అమ్మవద్దు, కొనవద్దు. అంచు పళ్లు లేకుండా కూడా అసలైనవి ఉన్నాయి, కత్తిరించినవి అనుకొని తీసిపారేయకండి. వీలైతే మీ స్టాంపులను ఊళ్లోని బడి పిల్లలకు ఒకసారి చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో చదువుకుంటున్నాడు. వాడు పంపే కవర్ల మీది స్టాంపులు నీళ్లలో ఊడటం లేదు. పక్కన చతురస్రంలో చుక్కల కోడ్ ఒకటి ఉంటోంది, దాన్ని కత్తిరించవచ్చా? ఫెనిగ్‌లలో ఉన్న పాత ముద్రపడని స్టాంపులు కొన్ని ఉన్నాయి, వాడికి పంపితే వాడుకుంటాడా?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: అమ్మా, అవి స్వయంగా అతుక్కునే రకం. నీళ్లకు లొంగని జిగురుతో వచ్చేవాటిని నానబెట్టి పాడుచేసుకోవద్దు. చుట్టూ అర సెంటీమీటరు కాగితం వదిలి కత్తిరించి అలాగే దాచుకోండి. ఆ కోడ్ 2021 నుంచి స్టాంపులో భాగంగానే వస్తోంది, కత్తిరిస్తే స్టాంపును చింపినట్టే. ఫెనిగ్ స్టాంపులు 2002 జూన్ చివరితో చెల్లుబాటు కోల్పోయాయి. అబ్బాయికి పంపకండి, ఆల్బమ్‌లో పెట్టండి.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఎనిమిదో తరగతి. నా ఆల్బమ్‌లో జర్మనీ పేజీలో నాలుగైదు రకాల పేర్లున్నాయి. అన్నీ ఒకే దేశమా? నా దగ్గర ఎక్కువ డబ్బులు లేవు, ఏవి సేకరించాలి?
– ఒక విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: మంచి ప్రశ్న అడిగావు బాబూ. 1871కి ముందు జర్మనీ ఒక్క రాజ్యం కాదు, చాలా రాజ్యాలు. వాటిలో బవేరియా 1849 నవంబరు 1న మొట్టమొదటి జర్మన్ స్టాంపు తెచ్చింది, ఒక క్రాయిట్సర్ (అప్పటి నాణెం) విలువ గల నల్లటిది. కొన్ని ప్రాంతాల్లో టూర్న్, టాక్సిస్ అనే ప్రభువుల కుటుంబమే 1867 దాకా సొంతంగా తపాలా నడిపింది. "డాయిచెస్ రైష్" అని ఉంటే 1902 నుంచి రెండో ప్రపంచ యుద్ధం చివరి దాకా వచ్చినది. 1943 నుంచి దాని ముందు "గ్రోస్" అని కూడా చేరింది. యుద్ధంలో ఓడాక దేశాన్ని నాలుగు విజేత దేశాలు పంచుకున్నాయి, మండలాలను బట్టి స్టాంపులు కూడా వేరయ్యాయి, కొన్ని మాత్రం ఉమ్మడివి. 1949లో రెండు దేశాలయ్యాయి. "డాయిచె బుండెస్‌పోస్ట్" అంటే పశ్చిమ జర్మనీ, "డి.డి.ఆర్." అంటే తూర్పు జర్మనీ. "బెర్లిన్" అని అదనంగా ఉంటే పశ్చిమ బెర్లిన్, దానికి 1948 నుంచి 1990 దాకా ప్రత్యేక స్టాంపులు. 1995 నుంచి "డాయిచ్‌లాండ్" ఒక్కటే. నీ పేజీని ఈ వరసలో పేర్చి చూడు. పాఠ్యపుస్తకంలో చదివిన విభజన, కలయిక నీ కళ్ల ముందే జరుగుతాయి.

తక్కువ డబ్బుకు తూర్పు జర్మనీ స్టాంపులు మొదలుపెట్టు. పక్షులు, రైళ్లు, ఒలింపిక్స్, అంతరిక్షం అన్నీ ఉన్నాయి, అచ్చు కూడా చాలా అందంగా ఉంటుంది. చాలావాటికి మూలలో పావు వంతు ముద్ర చక్కగా పడి ఉంటుంది. వెనక్కి తిప్పు. జిగురు అలాగే ఉంటే అది ఉత్తరం మీద ఎక్కలేదు, సేకర్తలకు అమ్మడానికే ముద్ర కొట్టారు. నేర్చుకోవడానికి అవి చక్కగా సరిపోతాయి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మన తపాలా శాఖ 2017 నుంచి దీన్ దయాళ్ స్పర్శ్ అనే ఉపకార వేతనం ఇస్తోంది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా స్టాంపులు సేకరించే పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయలు. మీ బడిలో స్టాంపుల క్లబ్ ఉండాలి, లేదా నీ పేరు మీద ఫిలాటలీ డిపాజిట్ ఖాతా (కొత్త స్టాంపుల కోసం పోస్టాఫీసులో ముందుగా డబ్బు కట్టే ఖాతా) ఉండాలి. క్విజ్ రాసి, ప్రాజెక్టు చేయాలి. మీ హెడ్‌మాస్టరు గారికి ఈ పేజీ చూపించి, పెద్ద పోస్టాఫీసులో అడగమను. తొమ్మిదో తరగతి దాటితే అవకాశం పోతుంది కాబట్టి ఈ ఏడాదే ప్రయత్నించు.

ప్రశ్న: 2018లో తిత్లీ తుఫానులో తడిసిన ఆల్బమ్ అప్పటి నుంచి ఒక కట్టగా అతుక్కుపోయి ఉంది. జర్మనీ స్టాంపులే ఎక్కువ. ఏదైనా చేయగలమా?
– ఒక జీడి రైతు, పలాస

జవాబు: చేయగలమండీ, తొందర పడకుండా చేయాలి. ముందు కత్తితో విడదీసే ప్రయత్నం మానండి. ముద్ర పడిన స్టాంపులైతే ఆ పేజీని కత్తిరించి చల్లటి మంచినీళ్లలో వేయండి. అరగంటలో వాటంతటవే విడిపోతాయి. వేళ్లతో లాగవద్దు, తడి కాగితం ఊరికే చిరుగుతుంది. వేరే నీళ్లలో ఒకసారి కడిగి, అద్దుడు కాగితం మీద బోర్లా ఆరబెట్టి, పూర్తిగా ఆరాక లావుపాటి పుస్తకంలో పెట్టి ఉంచండి. ఊదా సిరాతో ముద్రలున్నవీ, రంగు కాగితం మీద ఉన్నవీ విడిగా నానబెట్టండి, రంగు పక్కవాటికి అంటుతుంది.

ముద్ర పడనివాటిని నీళ్లలో వేస్తే జిగురు పోయి రెండు నక్షత్రాల నుంచి బ్రాకెట్ల నక్షత్రానికి పడిపోతాయి. వాటికి ఆవిరి తేమ పద్ధతి ఉంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా అడుగున తడిపి పిండిన స్పాంజి పెట్టండి. దాని మీద స్పాంజికి తగలకుండా జల్లెడ ముక్క అమర్చి, స్టాంపుల కట్టను దాని మీద ఉంచి మూత వేయండి. కొన్ని గంటలకోసారి తీసి, మొద్దు కొనల పట్టకారుతో ఒక మూల మెల్లగా ఎత్తి చూడండి. లేస్తే లేవనివ్వండి, లేకపోతే మళ్లీ మూత వేయండి. విడిపోయినదాన్ని జిగురు వైపు పైకి ఉండేలా ఆరబెట్టాలి.

కాగితం మీద గోధుమ రంగు చుక్కలు వచ్చి ఉంటే అది బూజు. అలాంటి స్టాంపులను మంచివాటితో కలపవద్దు. ఆ పాత ఆల్బమ్‌ను కూడా మళ్లీ వాడవద్దు. మన తీరంలో గాలే తడి కాబట్టి కొత్త ఆల్బమ్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టి, గోడకు ఆనకుండా, నేలకు ఎత్తుగా ఉన్న అరలో పెట్టండి. పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచి, వానాకాలంలో మార్చుతూ ఉండండి. ఎండ కాసిన రోజు నీడలో పేజీలు విప్పి గాలి తగలనివ్వండి. అతికే ప్లాస్టిక్ టేపు, లామినేషన్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు.